అప్పలస్వామి గారి తుపాకీ వందనం

ఆ రైఫిలు మా క్వార్టరుకి రిక్షాలో కూర్చుని వచ్చింది. మా బావ దాని పక్కన నడిచి వచ్చాడు.

బావ అంటే నా మొగుడే, అప్పలస్వామి. మేనత్త కొడుకు. బిలాస్‌పూర్ డీజిల్ షెడ్‌లో ఫిట్టరు. సీటు మీద దుప్పట్లో చుట్టి పడుకోబెట్టిన ఆకారాన్ని చూసి, మా ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని పక్క క్వార్టరు దిలీప్ పరిగెత్తుకొచ్చాడు. దుప్పటి అంచు ఎత్తి చూసి, "ఏటి బావా, ముసిల్దాన్ని తెచ్చావు," అన్నాడు.

ముసలిదే. ఎప్పటి యుద్ధానిదో. మిలటరీ వాళ్ళు తీసి పారేస్తే, గొట్టం మార్చి మామూలు జనానికి అమ్మిన రకం. లింగియాడీహ్ అనే ఊళ్ళో ఒక మాల్గుజారు, అంటే మన జమీందారు లాంటాయన, చనిపోతే, ఆయన భార్య ఇంట్లో చెత్తంతా వదిలించుకుంటూ దీన్నీ వదిలించుకుంది. చెక్క బీటలు వారింది. ఇనుమంతా తుప్పు. పట్టీ ఎలకలు కొరికినట్టుంది. మా బావ దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "అమ్మా, దిష్టి తియ్యి," అన్నాడు. మా అత్త అచ్చియమ్మ నిజంగానే ఎర్రనీళ్ళు కలుపుకొచ్చింది. నేను మొదటి కాన్పు అయ్యి పిల్లతో వచ్చినప్పుడు తియ్యలేదు ఆ దిష్టి. ఆడపిల్లకి ఎవరి కళ్ళు తగుల్తాయిలే అంది.

ఇది ఎనభై తొమ్మిదో సంవత్సరం వానాకాలం సంగతి. దీనికంతటికీ మూలం ఏమిటంటే, షెడ్‌లో ఫిట్టర్ల మీద పెత్తనం చేసే ఛార్జిమన్ ఒకసారి, మద్రాసీల చేతులు సాంబారు కలుపుకోడానికే పనికొస్తాయన్నాడట. విజయనగరం నుంచి వచ్చిన వాళ్ళం మద్రాసీలం ఎప్పుడయ్యామో ఆయనకే తెలియాలి. మాట గుచ్చుకున్న మగాడు అక్కడే జవాబు చెప్తాడు, లేకపోతే పనిచేసి చూపిస్తాడు. మా బావ తుపాకీ లైసెన్సుకి అర్జీ పెట్టుకున్నాడు. యూనియన్ నాయకుల వెనక తిరిగి తిరిగి అది సంపాదించాడు. అంత తిరుగుడు క్వార్టరు కప్పు కారుతోందని తిరిగుంటే, మేం గదిలో గిన్నెలు పరుచుకుని పడుకునేవాళ్ళం కాదు.

మాది ఒకటిన్నర గది. కప్పుకి ఒకే ఒక్క ఇనప కొక్కెం. దానికి నా పాత చీరతో మా పిల్ల ప్రసూనకి ఉయ్యాల కట్టి ఉంది. బావ స్టూలెక్కి ఆ ఉయ్యాల విప్పేశాడు.

"పిల్లెక్కడ పడుకుంటాది?" అన్నాను.

"కింద పడుకుంటాది. చలికాలమేటి ఇప్పుడు?"

"నీ తుపాకీ కింద పడుకోకూడదా?"

"తుపాకీని నేల మీద పెడతారేటే, బుద్ధి లేకుండా," అన్నాడు. చాలా పద్ధతిగా, పిల్లాడికి చెప్తున్నట్టు చెప్పాడు.

ఆ రోజునుంచి నేనూ ప్రసూనా వంటింట్లోకి మారాం. దానికప్పుడు ఏడాదిన్నర. చేతికందింది నోట్లో పెట్టుకోవడమే దాని చదువు. నాకేమో ఏ చిన్న చప్పుడైనా పిల్ల మీద ఏదో పడిందనే అనిపించేది. ఆ పై కొక్కెం వంక చూడకుండా గదిలోకి అడుగు పెట్టలేకపోయేదాన్ని.

రిపేరుకి గోల్ బజార్ తీసుకెళ్ళాడు. నన్నెందుకు తీసుకెళ్ళాడంటే, రిక్షాలో దాన్ని నిలబెట్టి పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి. హబీబ్ మిస్త్రీ అని, స్టవ్వులూ తాళాలూ బాగుచేస్తూనే తుపాకులు కూడా చూసే ముసలాయన. కొట్టు ముందు అద్దం ఒకటి వేలాడదీసి ఉంది. పక్కనున్న మంగలి షాపుది అనుకుంటాను. మిస్త్రీ చెప్తున్నంతసేపూ మా బావ ఆ అద్దంలో తన భుజం మీద రైఫిలు ఎలా ఉంటుందో చూసుకుంటూ నిలబడ్డాడు. వినేది ఎవరూ లేక ఆయన నాకు చెప్పాడు.

తూటాని వెనకనుంచి బిగించే ఇనప గడియ లాంటి దాన్ని బోల్టు అంటారు. ఆయన దాని పిడి పైకెత్తి, వెనక్కి లాగి, కొసనున్న చిన్న తలని పైకి మడిచి, మొత్తం బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది లేకపోతే ఇది తుపాకీ కాదు, కర్ర," అన్నాడు హిందీలో. తర్వాత గొట్టం వెలుగుకేసి ఎత్తి, లోపలికి చూడమన్నాడు. నలుపు తప్ప ఏమీ కనపడలేదు. కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ వెళితే, తుప్పంతా గీకి, విరిగిన స్ప్రింగు మార్చి, చెక్క బీటకి ఇత్తడి పట్టీ వేసి ఉంచాడు. అప్పుడు చూస్తే గొట్టం ఆ చివర గుండ్రంగా ఆకాశం కనపడింది.

"బేటీ, పేల్చే ముందు ఎప్పుడూ ఇలా ఆకాశం కనపడాలి. లోపల గుడ్డ పీలిక ఉన్నా సరే, గుండుకి దారి దొరకదు. గొట్టం చీలి మొహాన పేలుతుంది. పక్కనున్న వాళ్ళు కూడా మిగలరు. నీ మొగుడికి చెప్పు."

చెప్పాను. రిక్షాలో ఇంటికొచ్చేదాకా చెప్పాను. "అచ్ఛా, అచ్ఛా," అన్నాడు. ఆయన దేనికి అచ్ఛా అంటే అది విననట్టు లెక్క.

ఆ తర్వాత రోజూ డ్యూటీ నుంచి రాగానే ఒడిలో పెట్టుకుని నూనె రాయడం. వంటింట్లో కుళాయి ఏడాదిగా కారుతోంది. రైల్వే ఇంజన్లు విప్పి బిగించే మనిషి, ఇంట్లో ఒక వాషరు మార్చడానికి తీరిక లేదు. దానికి నేను గుడ్డ కట్టుకున్నాను. ఆయన నా గుడ్డల్లోంచి మెత్తటివి ఏరుకుని తుపాకీకి తుడిచాడు.

మాల్గుజారు భార్య రైఫిలుతో పాటు కొన్ని పాత తూటాలు కూడా ఇచ్చింది. చెమ్మ పట్టాయని అనుమానమొచ్చి ఎండబెట్టమన్నాడు. వానలు తెరిపిచ్చాయని మా అత్త ఆ రోజే మినప వడియాలు పెట్టింది. అదే చాప మీద, వడియాల పక్కన, వరసగా తూటాలు. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. నేను నీళ్ళు పట్టుకొచ్చేసరికి ప్రసూన చాప అంచున కూర్చుని ఒక తూటాని చప్పరిస్తోంది. నేను బిందె వదిలేసి పరిగెత్తాను.

"ఏటి అత్తా, సూసుకోవా?"

"కాకుల్నే సూస్తన్నాను," అంది అత్త. "గుంట వడియం తీసిందనుకున్నాను. వడియాలు తింటే తిననీలే అని ఊరుకున్నాను."

దాని నోట్లోంచి తూటా తీసి, నోరు కడిగాను. నోరు కాదు, తూటా కడిగావా అని అడిగాడు బావ సాయంత్రం. కడిగితే మళ్ళీ తడిసిందేమోనని.

మొదటిసారి పేల్చడం అర్పా నది ఇసకలో. షెడ్ వాళ్ళందర్నీ పిలిచాడు. ఛార్జిమన్ రాలేదు. ఇసక గుట్ట మీద ఓటి కుండ బోర్లించి, దూరం అడుగులేసి కొలిచి, మళ్ళీ కొంచెం ముందుకి జరిగి, మోకాలు మీద కూర్చుని, ఒక కన్ను మూశాడు. నేను పిల్ల చెవులు మూసి, చాలా వెనక, రేగిచెట్ల దగ్గర నిలబడ్డాను. చప్పుడుకి ప్రసూన ఏడుపు అందుకుంది. పొగ తేలిపోయాక చూస్తే కుండ కుండలాగే ఉంది. మా బావ వెల్లకిలా ఉన్నాడు.

దిలీప్ వెళ్ళి లేపాడు. "కుండకేటీ అవలేదు బావా. నీకేటైనా అయిందా?"

"గాలి ఎక్కువుంది."

"అరె భాయ్, కుండని నువ్వు కొట్టలేదు గానీ తుపాకీ నిన్ను కొట్టింది. ఇద్దర్లో దానికే గురి ఉంది."

అందరూ నవ్వారు. మా బావ కూడా నవ్వాడు, అందరికన్నా ఎక్కువగా. ఇంటికొచ్చాక భుజం కమిలి వంకాయ రంగుకి తిరిగింది. ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టాను. "గురి కుదిరిపోయిందే," అన్నాడు మూలుగుతూ. "ఇంకోసారి పేల్చితే కుండ ఉండదు." నేను కాపడం కొంచెం గట్టిగా నొక్కాను.

ఆ కుండ సంగతి కాలనీలో ఎలా తిరిగిందో ఏమో, దసరా వచ్చేసరికి అది ఒక్క దెబ్బకి కుండ పగిలిన కథగా మారిపోయింది. మా తెలుగు వాళ్ళ దుర్గమ్మ పందిరి సెక్రటరీ, ఆఫీసులో హెడ్‌క్లర్కు వెంకటేశ్వరరావు గారు మా గుమ్మంలోకి వచ్చి, "అప్పలస్వామీ, బెంగాలీల పందిట్లో ధూపం కుండలు పట్టుకుని ఆడే ధునుచి నాచ్ ఉంది. మనకేముంది? ఊరేగింపు బయల్దేరేప్పుడు అమ్మవారికి తుపాకీ వందనం ఇద్దాం. మైకులో నీ పేరు చెప్తాను," అన్నారు. గారు కలిపి చెప్తారా అని మా బావ అడిగాడు. చెప్తాననే మాటిచ్చారు.

ఇంకా ఒక మెట్టు పైకి వెళ్ళాడు ఈయన. ఫొటోగ్రాఫరుని మాట్లాడుకున్నాడు. ఎడం చేత్తో ప్రసూనని ఎత్తుకుని, కుడి చేత్తో రైఫిలు ఆకాశంలోకి ఎత్తి పేల్చాలట. ఆ ఫొటో కట్టించి షెడ్‌లో చూపించాలట.

"పిల్లెందుకు?" అన్నాను.

"సింహం పిల్లతో ఉన్నట్టు ఉంటాది."

విజయదశమి పొద్దున్న ఆయుధ పూజ. ఏటా మా ఇంట్లో బావ స్పానర్లు, సుత్తి, నా కత్తిపీట పెట్టేవాళ్ళం. ఆ ఏడు వాటన్నిటినీ పక్కకి జరిపి పీట మీద రైఫిలు పడుకుంది. అత్త దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, నడుముకి ఎర్ర చున్నీ చుట్టి, మీద బంతిపూల దండలు వేసింది. బావ క్షవరానికి వెళ్ళాడు. అత్త చుట్టూ చూసి, కొంగు ముడిలోంచి పుల్ల మందాన చుట్టిన పసుపు గుడ్డ మూట తీసింది. ముడుపు. లోపల నాలుగు బియ్యం గింజలు. కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, దాన్ని గొట్టం మూతిలో పెట్టి, పాత గొడుగు ఊచతో లోపలికి దట్టించడం మొదలుపెట్టింది.

"అత్తా, ఏటి సేస్తన్నావు?"

"నీ కోసమే ఒలే. ఈసారి మగపిల్లడవ్వాలని పైడితల్లికి మొక్కాను."

నాకప్పుడు మూడో నెల. ఎవరికీ చెప్పుకోలేదు. వేవిళ్ళు చూసి కనిపెట్టేసింది.

"తుపాకీలోనేటి మొక్కు?"

"మరెక్కడ పెట్టేది? మగోడి వస్తువు. పిల్లడు పుట్టేదాకా ముడుపు విప్పకూడదు. నోటితో సెప్పకూడదు కూడాను, నువ్వు అడిగావని సెప్పాను." ఊచ మొత్తం దిగేదాకా దట్టించింది.

ఆవిడ పువ్వులకి బయటికి వెళ్ళగానే నేను గొట్టం ఎత్తి చూశాను. ఆకాశం కనపడాల్సిన దారికి అడ్డంగా పసుపు గుడ్డ. చీపురు పుల్లతో గీకితే కదల్లేదు. హబీబ్ మిస్త్రీ మాట గుర్తొచ్చి, ఆ పీట ముందే చాలాసేపు కూర్చుండిపోయాను. నా కళ్ళకి ఎడం చెయ్యి ఒక్కటే కనపడుతోంది. ఆ చేతిలో ఉండేది నా పిల్ల.

బావ వచ్చాక అంతా చెప్పాను. మొక్కు సంగతి కూడా. కొత్త ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"అమ్మ మొక్కు నేను తీసేనేటి? అమ్మోరికి కోపమొస్తాది."

"అయితే పేల్చకు."

"మైకులో సెప్పేసారు."

"బావా, గొట్టం పేలిపోద్ది. పిల్ల నీ చేతిలో ఉంటాది."

"గుడ్డ ముక్కే, ఏటవుతాది? గుండుతో పాటు అదీ పైకి పోద్ది. అమ్మోరి దగ్గరికే పోద్ది. మంచిదేగా." కాలరు సర్దుకున్నాడు. "ఎనిమిది ఫెయిలైనోళ్ళు నాకు తుపాకీ నేర్పుతున్నారు."

"నేను ఫెయిలవలేదు. మాన్పించారు."

"రెండూ ఒకటే," అని కొబ్బరి నూనె కోసం వెతుక్కోవడంలో పడ్డాడు.

ఆ మనిషి మీద నాకు అప్పటిదాకా కోపం ఉండేది. కోపమంటే ఇంకా ఏదో ఆశ ఉన్నట్టు. ఆ క్షణం నుంచి కోపం లేదు. నేను వెళ్ళి పూజ పీట ముందు కూర్చుని, దండలు పక్కకి జరిపి, చున్నీ కింద చెయ్యి పెట్టి, పిడి పైకెత్తాను. వెనక్కి లాగాను. చిన్న తల మడిచాను. బోల్టు నా చేతిలోకి వచ్చేసింది. తలెత్తితే గుమ్మంలో మా అత్త, బుట్టలో మందారాలతో.

ఆవిడ నా చేతి వంక చూసింది. తుపాకీ మూతి వంక చూసింది. పేల్చితే ముడుపు పోతుందనే లెక్క ఆవిడ మొహంలో జరుగుతూ నాకు కనపడింది. తర్వాత నా వైపు వీపు తిప్పి కూర్చుని మందారాలు గుచ్చడం మొదలుపెట్టింది.

నేను చున్నీ సర్ది, బోల్టు తీసుకెళ్ళి ప్రసూన మురికి గుడ్డల బకెట్లో అడుక్కి తోశాను. మా ఇంట్లో బావ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

సాయంత్రం పందిరి ముందు డప్పులు ఆగాయి. వెంకటేశ్వరరావు గారు మైకులో "శ్రీ అప్పలస్వామి గారిచే" అన్నారు. ఖాకీ చొక్కా, ఎడం చేత పిల్ల, కుడి చేత పూలు చుట్టిన రైఫిలు. ఫొటోగ్రాఫరు ముందుకొచ్చి వంగాడు. మా బావ పిల్లని చంకలోకి సర్దుకుని, జేబులోంచి తూటా తీసి, చున్నీ పైకి తోసి, బోల్టు కోసం తడిమాడు. అక్కడ కన్నం ఉంది. మళ్ళీ తడిమాడు. రెండో వైపు తిప్పి చూశాడు. పొద్దుట్నుంచి దాన్ని ఎత్తుకుని వీధంతా తిరిగిన మనిషి, అప్పుడు చూశాడు.

జనం ఎదురుచూశారు. తూటా చేతిలో పట్టుకుని, ఇంటి తాళంచెవి పోగొట్టుకున్నవాడిలా ఆ కన్నంలోకి చూస్తున్నాడు. ఫొటోగ్రాఫరు అదే మంచి సమయమనుకుని నొక్కేశాడు.

"ఏం బావా," అన్నాడు దిలీప్ వెనకనుంచి, "నైట్ డ్యూటీయా దానికి? ఇంకా లేవలేదు."

ప్రసూన దండలోంచి ఒక బంతిపువ్వు పీక్కుని తినబోయింది. నేను వెళ్ళి పిల్లని తీసుకున్నాను. డప్పులవాళ్ళకి ఎవరో సైగ చేశారు. అమ్మవారు వందనం లేకుండానే బయల్దేరింది.

ఇంటికొచ్చి ఇల్లంతా తిరగేశాడు. బియ్యం డబ్బా, పరుపు, అత్త ట్రంకు పెట్టె. దిలీప్‌ని అనుమానించాడు, ఛార్జిమన్ని అనుమానించాడు. నన్నొక్కదాన్నే అడగలేదు. అడిగితే నాకు దాన్ని విప్పడం వచ్చని ఒప్పుకున్నట్టవుతుంది.

"అమ్మోరే తీసుంటాది," అంది అత్త, కూరలో చింతపండు పిసుకుతూ. "ఆ తల్లికి చప్పుళ్ళు గిట్టవు." ఆవిడ నా వంక చూడలేదు. నేనూ చూడలేదు. ఆ ఇంట్లో మేమిద్దరం ఒక మాట మీద ఉన్నది అదే మొదలు. ఆవిడది మనవడి కోసం, నాది మనవరాలి కోసం.

గుడ్డలు ఉతకడానికి వెళ్ళినప్పుడు ఆ బోల్టుని సైడింగ్ పట్టాల పక్కన పోసిన కంకర గుట్టలో లోతుగా పాతిపెట్టాను. కొన్నాళ్ళకి గ్యాంగు వాళ్ళు వచ్చి ఆ కంకరంతా ఎత్తుకెళ్ళి పట్టాల కింద పరిచేశారు. ఎక్కడ పరిచారో నాకూ తెలియదు.

దీపావళి దగ్గర పడుతుండగా ఎన్నికల ప్రకటన వచ్చింది. లైసెన్సు తుపాకులున్న వాళ్ళంతా ఠాణాలో జమ చేయాలన్నారు. నేను ఊహించింది ఒకటి, జరిగింది ఒకటి. సిగ్గుతో తల దించుకుని వెళ్తాడనుకుంటే, తలకి నూనె రాసుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని, రైఫిలుని అదే ఎర్ర చున్నీతో కన్నం కనపడకుండా చుట్టుకుని వెళ్ళాడు. మొహం వెలిగిపోతూ తిరిగొచ్చాడు.

"లైన్లో నా ముందు ఎవరనుకున్నావు? సీపత్ వైపు పెద్ద ఠాకూరు. వెనకాల వకీలు గారు. రిజిస్టరు రాసే మున్షీ నన్ను కూడా 'ఆయియే', రండి అన్నాడు. కుర్చీలో కూర్చోమన్నాడు."

"తుపాకీ చూశాడా?"

"ఆ రద్దీలో ఎవడు సూస్తాడు? చీటీ కట్టి మూల పెట్టేసాడు."

అంటే ఇన్నాళ్ళూ ఈయనకి కావలసింది తుపాకీ కాదు. ఒక లైను. అందులో నిలబడడానికి ఇంత తుప్పు మోసుకొచ్చాడు.

ఓట్లైపోయాయి, లెక్కింపు అయిపోయింది. ఠాకూర్లూ వకీళ్ళూ వెళ్ళి తమవి తెచ్చుకున్నారు. మా బావ వెళ్ళలేదు. తిరిగిచ్చేటప్పుడు మున్షీ ప్రతిదాన్నీ విప్పి చూసి ఇస్తున్నాడట. బోల్టు ఏదంటే ఏం చెప్పాలి? పోయిందంటే ఎప్పుడు, ఎక్కడ, రిపోర్టు ఎందుకివ్వలేదు అంటారు. ఠాణా నుంచి రెండుసార్లు కబురొచ్చింది. డ్యూటీ ఉందన్నాడు. ఆ తర్వాత కబురు కూడా రాలేదు.

ఎండలు ముదిరాక రైల్వే ఆస్పత్రిలో నాకు పురుడొచ్చింది. మళ్ళీ ఆడపిల్లే. మైత్రి అని పేరు పెట్టాలని నేను అప్పటికే అనుకున్నాను. అత్త వచ్చి మంచం పక్కన కూర్చుని, గుడ్డ పక్కకి జరిపి పిల్ల మొహం చూసింది.

"అమ్మోరిని అనుకోకూడదు," అంది. "ముడుపు పోలీసోళ్ళ దగ్గర కూకుంది. ఆ తల్లి మాత్రం ఠాణాకెళ్ళి ఎలా అందుకుంటాది?"

ఆవిడ పాలు వేడి చేసుకురావడానికి వెళ్ళింది. బావ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, పిల్ల కాళ్ళు ముట్టుకుని చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"బోల్టు నువ్వే తీసావా?"

"తీసాను."

మిగతాది కూడా చెప్తాననుకుని నిలబడ్డాడు. కిటికీ బయట ఏదో గూడ్సు వెళ్తోంది. పిల్ల ఏడవడం మొదలుపెట్టింది.

"పాలియ్యాలి. అటు తిరుగు," అన్నాను.

తిరిగాడు. నేను మళ్ళీ పిలిచేదాకా గోడకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు.